తలుపు దగ్గర ఎవరో ఒకరు

చిక్కబళ్ళాపురం,
12-11-1945

తాతా, నీకు నమస్కారం. అవ్వకు వేరుగా, రెండింతలు.

యాభై ఏండ్లుగా మన ఇంట్లో ఒక అన్యాయం జరుగుతూ ఉంది. చేసినది సీమదొర కాదు, అమల్దారు కాదు. బాగేపల్లి సుబ్బరాయప్ప. అంటే నువ్వు.

అన్న కృష్ణప్ప చింతామణి నుంచి రాసిన ఉత్తరం నిన్న అందింది. సుబ్బరాయ షష్ఠి దినం తన బిడ్డను, నీ మునిమనవణ్ణి, నీ ఒడిలో పెట్టి స్వర్గానికి ఎక్కేదానికని నీ కాలికి బంగారు నిచ్చెన తాకిస్తారట. 'తాత ఒక్కడే వస్తాడు, అవ్వకు ఇల్లు విడిచే వీలు లేదు' అని కింద రాసినాడు. ఆ మాట చదివి అచ్చుకూటంలో చేతిలో ఉన్న అక్షరాల పెట్టె కింద పడేసినాను. అవి ఏరుకునేసరికి పొద్దు గూకింది. అదీ నీ పాపమే.

ఎందుకు వీలు లేదు? మన వీధి తలుపు ముయ్యకూడదట. ఎప్పుడూ ఎవరో ఒకరు లోపల ఉండాలట. కన్నకొడుకు, మా నాయన పెండ్లికి నువ్వు పోయినావు, అవ్వ తలుపు కాచింది. అన్న పెండ్లికీ అంతే. కైవారం తిరునాళ్ళకు నువ్వు. మురుగమల్ల ఉరుసుకు నువ్వు. అవ్వ చూసిన దూరదేశం ఏది? గుడిబండ. అదీ పుట్టిల్లు కాబట్టి. రైలు కూత ఎట్లుంటుందని పోయినసారి నన్నడిగింది. నేను కూసి చూపించినాను. మనుషులు ఆకాశంలో తిరిగే కాలంలో, అరవై దాటిన మనిషి రైలు కూతను మనవడి నోట వినవలసిన గతి!

ఇంటికి కట్టేసిన ఆడది, గాటికి కట్టేసిన ఆవు ఒకటేనని నేను చదివిన కరపత్రంలో ఉంది. బంగారు నిచ్చెన మీద నాకు నమ్మకం లేదు. దాని వల్ల స్వర్గానికి పోయేది కంసాలి ఒక్కడే. కానీ ఎక్కితే ఇద్దరూ ఎక్కాలి.

బస్సు కండక్టర్ పిళ్ళప్ప చేతికి ఒక తాళం ఇచ్చి పంపుతున్నాను. అలీగఢ్ తాళం. దొంగల దేవుడైనా తీయలేడు.

గంగాధర


బాగేపల్లి,
పార్థివ సంవత్సరం, కార్తీక శుద్ధ త్రయోదశి

చిరంజీవి గంగాధరానికి తాత ఆశీర్వదించి రాయునది. మేమిద్దరం క్షేమం. తాళం చేరింది. మంచి బరువుంది. మీ అవ్వ దాన్ని ఊరగాయ జాడీ మూత మీద పెట్టింది. పిల్లి మూత దొర్లించలేక అలమటిస్తూ ఉంది.

నీ ఉత్తరం అవ్వకు రెండుసార్లు చదివి వినిపించినాను. ఆవు సంగతి వచ్చేసరికి, "ఆవంటాడా నన్ను? ఈతూరి రానీ, వాన్నే పాలు పిండేకి కూచోబెడతా" అన్నది. కాసేపు పోయినాక, "వానికి కోపమొచ్చేది నా మీది ప్రేమకే గదా. నువ్వు గట్టిగా రాయొద్దు" అన్నది. కాబట్టి మెత్తగా రాస్తున్నాను.

తలుపు సంగతి దేవుడి ఆన అని నువ్వు అనుకుంటున్నావు. కాదు నాయనా. ధాత సంవత్సరపు కరువులో మా అమ్మ నన్ను చంకన వేసుకుని కదిరి వైపు నుంచి నడిచి వచ్చింది. దారి పొడుగునా ఊళ్ళకు ఊళ్ళు తలుపులు మూసుకున్నాయి. వాళ్ళను తప్పు పట్టలేం. తీస్తే పెట్టడానికి వాళ్ళకే లేదు. ఈ రోడ్డు మీద ఒక్క ఇంటి తలుపు తీసి ఉంది. పుట్టమ్మ అని, బిడ్డలు లేని ముసలామె ఇల్లు. ముంతెడు అంబలి మా అమ్మ చేతికిచ్చింది. తాగేదాకా ఏ ఊరని అడగలేదు, ఏ కులమని అడగలేదు. అడిగితే, బదులు నచ్చక పొమ్మంటారేమో అని ఆకలిగొన్న మనిషికి గుటక దిగదట. మా అమ్మ ఆ ఇంట్లోనే పనికి నిలిచింది. పుట్టమ్మ పోయే ముందు ఇల్లు మాకు ఇచ్చి ఒకే ఒక్క మాట అడిగింది: "తలుపు మాత్రం ముయ్యొద్దండమ్మా." నువ్వు పుట్టిందీ ఆ ఇంట్లోనే.

ఇదంతా ఇంతవరకూ ఎందుకు చెప్పలేదని ఎగురుతావు. నువ్వు అడగలేదు. పెద్దలకు చెప్పవలసినవి నీ కరపత్రాలలో చాలా ఉన్నట్టున్నాయి, అడగవలసినవి తక్కువ.

అయితే నువ్వు రాసినదంతా తప్పూ కాదు. ఈ సంగతి అవ్వ పెరట్లో ఉండగా రాస్తున్నాను. నిన్న బిడ్డకు కుల్లాయి కుడుతూ, తల ఎత్తకుండా అడిగింది: "రైలెక్కేటప్పుడు చెప్పులు విడవల్లనా, తొడుక్కొనే ఎక్కొచ్చునా?" నేను ఎన్నిసార్లో రైలెక్కి వచ్చినాను. ఆ ప్రశ్న ఎన్నడూ వినలేదు. ఆమె అడగలేదో, నాకే వినబడలేదో.

నువ్వొక్కదానివే పోయి రా అంటే, "నిచ్చెనకు ఇద్దరు కావల్ల" అంటుంది. ఇద్దరం పోదామంటే తలుపు వైపు చూస్తుంది. నాకు దారి తోచకుండా ఉంది, అబ్బీ.

సుబ్బరాయప్ప


చిక్కబళ్ళాపురం,
20-11-1945

తాతా, అవ్వా,

నా ఉత్తరం చించెయ్యండి. ఆవు మాట ఉన్న ముక్కను పొయ్యిలో వెయ్యండి. తాళం జాడీ మీదే ఉండనీ.

దారి ఉంది. నేను వచ్చి ఆ తలుపు దగ్గర కూర్చుంటాను. కాగితం దొరకక అచ్చుకూటం సగం దినాలు పడుకునే ఉంది. యజమాని ఆంజనేయప్పను సెలవడిగితే, "పో నాయనా, అక్షరాలకూ కొంచెం శాంతి" అన్నాడు. షష్ఠికి నేను అక్కడ లేకున్నా అన్న కోప్పడడు. నన్ను అందరూ ఎప్పుడూ చూస్తూనే ఉన్నారు. మీ ఇద్దరినీ ఒకచోట ఇంతవరకు మన ఇంటి బయట ఎవరూ చూడలేదు.

కానీ నావి కొన్ని షరతులు. రైల్లో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చోవాలి. నిచ్చెన కాగానే పరుగెత్తుకొని రాకూడదు. కైవారం, మురుగమల్ల అవ్వకు చూపించాలి. 'ఆమె అలిసిపోయింది' అని నువ్వు చెప్పకూడదు. అలిసిపోతే ఆమే చెబుతుంది.

అంబలి కాచడం వీనికేం తెలుసునని అవ్వ బెంగపడవద్దు. దేశానికి స్వాతంత్ర్యం తెస్తామంటున్న వాళ్ళం. అంబలి ఎంత?

గంగాధర


చింతామణి,
కార్తీక బహుళ ద్వాదశి

చిరంజీవి గంగాధరానికి,

చేరినాము. చెప్పవలసినది కార్డులో పట్టదని కవరు కొన్నాను. మీ నాయన స్టేషనుకే ఎదురొచ్చినాడు. బిడ్డ చల్లగా ఉన్నాడు. మీ అమ్మ సుబ్బలక్ష్మమ్మ, అత్తగారిని తన వాకిట్లో చూసి, హారతికి కర్పూరం మరిచి ఉత్త పళ్ళెమే తిప్పింది.

పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు కదా, పేరేసంద్ర ఎగువ ఎక్కలేక నిలిచిపోయింది. మగవాళ్ళం దిగి తోస్తూ ఉంటే పక్కన గాజుల చప్పుడు వినబడింది. చూస్తే మీ అవ్వ. "అమ్మా, నువ్వు కూచోమ్మా" అని పిళ్ళప్ప మొత్తుకున్నాడు. "నేనెక్కిన బండిని నేను తొయ్యకూడదా యేమి?" అన్నది. చేతులకంటిన మసిని చిక్కబళ్ళాపురం దాకా కడుక్కోలేదు. చూసుకుని చూసుకుని నవ్వుకుంది.

రైలు దగ్గర, గుడి ముందు విడిచినట్టు, కొత్త చెప్పులను జోడించి ప్లాట్‌ఫారం మీదే విడిచి ఎక్కింది. బండి కదిలినాక చూసుకున్నాం. నేను నొచ్చుకుంటే, "పోనీలే. ఇంత పెద్ద బండి ఎక్కనిచ్చె. చెప్పులే గదా అడిగె" అన్నది.

నీ షరతు ప్రకారం ఒకే బల్ల మీద కూర్చున్నాం. శిడ్లఘట్టలో అరటిపండ్లకని దిగినాను. కూత వేసేసరికి పరుగెత్తి వెనక పెట్టెలో ఎక్కినాను. నేను స్టేషన్లోనే నిలిచిపోయినానని ఇక్కడ ఈమె గగ్గోలు. తర్వాతి స్టేషన్లో గార్డు వచ్చి, "మీ ఆయన పేరేమమ్మా?" అని అడిగినాడు. ఈమె నా పేరు చెబుతుందా? చెప్పదు. సుబ్బరాయుడంటే నాగదేవరే కదా, తెలియదా ఈయనకు అని, చెయ్యి ఎత్తి పడగలా ఆడించి చూపించింది. "పాము! పాము!" అని పెట్టెలో ఆడవాళ్ళంతా బల్లల మీదికెక్కినారు. గార్డు బండిని కదలనియ్యకుండా కర్ర తీసుకుని బల్లల కింద వెదుకుతూ ఉండగా, నేను అరటిపండ్లతో వచ్చినాను. "ఇదో, ఈయనే!" అన్నది. పెట్టె పెట్టెంతా నవ్వింది. గార్డుకు రెండు పండ్లిచ్చి చల్లబరిచినాను.

అబ్బీ, యాభై ఏండ్ల కాపురంలో మేమిద్దరం ఒకే సంగతికి ఒకేసారి కండ్లల్లో నీళ్ళొచ్చేట్టు నవ్వింది ఆ బండిలోనే. నీకు దీవెనలు.

సుబ్బరాయప్ప


బాగేపల్లి,
3-12-1945

తాతా, అవ్వా,

పాము కథను ఇక్కడ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చదివి వినిపిస్తున్నాను.

ఇల్లు నడుస్తూ ఉంది. నాకే కాళ్ళు ఆడడం లేదు. మొదటి దినం అంబలి ఉండలు కట్టింది. రెండో దినం మాడింది. ఇంత మంది వస్తారని నాకు తెలియదు. చింతపండు బండ్లవాళ్ళు, సంతకు పోయేవాళ్ళు, ఎక్కడికి పోతున్నారో వాళ్ళకే తెలియనివాళ్ళు. వచ్చినవాళ్ళంతా మొదట అడిగేది ఒకటే: "అవ్వ యాడ?" తాత యాడ అని ఒక్కరూ అడగలేదు, క్షమించు. రైలెక్కిందని చెబితే, వాళ్ళే ఎక్కినట్టు సంతోషపడతారు.

నిన్న ఒక బండాయన వచ్చినాడు. ఊరూ కులమూ అడగకూడదు కదా, నేను అడగలేదు. గరిటె చేత పట్టుకుని దేశం సంగతి ఎత్తుకున్నాను. ఆయన ముంత చాపి చాలాసేపు విన్నాడు. తర్వాత, "అప్పయ్యా, ముందు అంబలి పొయ్యి. స్వాతంత్ర్యం వెనక పోద్దువు" అన్నాడు. పోసినాను. తాగి, మూతి తుడుచుకుని, కాలు మీద కాలు వేసుకుని, "ఊ, ఇప్పుడు చెప్పు" అన్నాడు. ఎక్కడ ఆపినానో మరిచిపోయినాను.

గంగాధర


చింతామణి,
మార్గశిర శుద్ధ పాడ్యమి

చిరంజీవి గంగాధరానికి,

మన ఊరి లక్ష్మణప్ప ఈ దినం ఇక్కడికి వచ్చి, నడి వీధిలో అవ్వ వింటూ ఉండగా చెప్పినాడు: "మీ మనవడు తలుపు మూస్తాండె. నేను కండ్లారా చూస్తి. ఇంకొక పిల్లోన్ని తోడు పెట్టుకొని లాగుతాండె."

అవ్వ లోపలికి పోయి మూట కట్టింది. అన్న బతిమాలినాడు. మీ అమ్మ ఏడ్చింది. "వాన్నేమీ అనొద్దండి. పిల్లోడు. నాకు కండ్లు నెత్తికెక్కి వచ్చిందే తప్పు. నా కోసరం ఆ తలుపు మూస్తే నేనే మొగం పెట్టుకొని నిచ్చెన తొక్కేది? రేపు బండికే పోతా" అన్నది. ఆదివారం దాకా ఆగమని, అబ్బాయి దగ్గర నుంచి మాట రానీ అని, నేను ఆమె కాళ్ళు పట్టుకోవడం ఒక్కటి తక్కువ. సరేనన్నది. మూట మాత్రం విప్పలేదు.

నిజం ఏదైనా అదే రాయి. నేను కోప్పడను. షష్ఠి సోమవారం.

సుబ్బరాయప్ప


బాగేపల్లి,
7-12-1945

అవ్వా,

ఈ ఉత్తరం నీకు. తాతా, తడుముకోకుండా చదివి వినిపించు. పోస్టును నమ్మక పిళ్ళప్ప చేతికే ఇస్తున్నాను.

లక్ష్మణప్ప అబద్ధం చెప్పలేదు. తలుపు ముయ్యబోయింది నేనే.

మా చదువుల సంఘం బయ్యప్ప సైకిల్ మీద వచ్చినాడు. గుడిబండలో ఆ సాయంత్రం సభ, నేను మాట్లాడాలట. "ఏమప్పా, దేశానికి కాపలా అంటివి, గడపకు కాపలా అయితివే!" అని ఎగతాళి చేసినాడు. "ఒక పూట మూసి రా. ఎవురు చస్తారు?" అన్నాడు. నాకు రోషం వచ్చింది. లేచి తలుపు పట్టుకుని లాగినాను.

రాలేదు. వాడూ పట్టినాడు. గోడకు కాలు తన్నిపెట్టి ఇద్దరం లాగినాం. రాలేదు. పండుగ పండుగకూ నువ్వు గోడకు సున్నం కొడుతూ, వెనక్కు ఆనుకున్న తలుపును గోడతో కలిపి పూసేసినావు కదా. తలుపూ గోడా ఒకటైపోయినాయి. పెచ్చు ఒకటి ఊడి నా చేతికొచ్చింది. పొర మీద పొర, ఉల్లిగడ్డలా. అన్నీ నువ్వు కొట్టినవే. అది పట్టుకుని నిలబడి ఉండగా వెనక నుంచి, "అప్పా, నీళ్ళుండాయా?" అని వినబడింది.

ఒక ముసలాయన, ఆయన భార్య. మురుగమల్లకు మొక్కు చెల్లించేకి నడిచిపోతున్నారు. నీళ్ళిస్తే ఆయన మొదట ఆమెకిచ్చినాడు. ఆమె తాగి, కొంగుతో ముంత అంచు తుడిచి ఆయనకిచ్చింది. మీరిద్దరూ రేపు కైవారం, మురుగమల్ల దారిలో ఉంటారు, మీకు ఎక్కడ, ఎవరి తలుపు తీసి ఉంటుందో అని అప్పుడు తోచింది. బయ్యప్పను సభకు పంపేసి నేను ఉండిపోయినాను.

తలుపు ముయ్యలేదని నేను గొప్ప చెప్పుకోలేను. అది మూసుకోలేదు, అంతే. ఉండిపోవడం మాత్రం నేను చేసినదే. నా మాటగా దాన్ని తీసుకో అవ్వా. సోమవారం పీట మీద కూర్చో. నీ బదులు ఇక్కడ మనిషి ఉన్నాడు.

గంగాధర


చింతామణి,
మార్గశిర శుద్ధ ద్వాదశి

చిరంజీవి గంగాధరానికి తాత, అవ్వ దీవించి రాయునది.

నీ ఉత్తరం శనివారం సాయంత్రం చేరింది. పెచ్చు ఊడిన చోటు అవ్వ మళ్ళీ చదవమన్నది. "సున్నం లేపినాడా! సంక్రాంతికి ముందే వానితోనే కొట్టిస్తా" అని నవ్వింది. 'ఉండిపోయినాను' అన్న చోట లేచి లోపలికి పోయి మూట విప్పింది. కుల్లాయి తీసి బిడ్డ తలకు పెట్టింది. కొంచెం పెద్దదైంది. పెరుగుతాడులే అన్నారు అందరూ.

సోమవారం ఇద్దరినీ ఒకే పీట మీద కూర్చోబెట్టినారు. మోకాలికి మోకాలు తగిలింది. ఆమె జరిగింది. ఇంకా జరగడానికి పీట లేదు. అట్లనే కూర్చున్నాం. వీధి వీధంతా చూస్తూ ఉంది. బిడ్డను ఒడిలో పెట్టినారు. పళ్ళెంలో వేలెడు నిచ్చెన. యుద్ధం ధరలకు మీ అన్న వెండి మీద బంగారు నీళ్ళే పట్టించినాడు. నీ కంసాలికి స్వర్గం ఈసారి సగం దూరమే. నేను బొటనవేలు తాకించినాను. అవ్వ తాకించబోయి ఆగింది.

"స్వామీ, పైన తలుపు తీసి ఉంటాదా?" అని పురోహితుణ్ణి అడిగింది.

"తీసే ఉంటుందమ్మా, పుణ్యాత్ములకు" అన్నాడాయన.

"అట్లయితే లోపల ఎవురో ఒకరు కూచోనుండల్ల గదా. పాపం, వాళ్ళు యాడికీ పోలేరే" అన్నది.

అందరూ నవ్వినారు. నేను నవ్వలేదు. ఇన్నేండ్లకు నాకు వినబడింది. నువ్వు మొదటి ఉత్తరంలో కోపంగా రాసినదాన్నే ఆమె నవ్వుతూ చెప్పింది. తర్వాత వేలు తాకించింది. బిడ్డ కాలితో తన్ని నిచ్చెనను దొర్లించినాడు.

కైవారం చూసినాం. మురుగమల్ల చూసినాం. దర్గాలో ఒక సాయెబు నెమలి ఈకల కట్టతో ఇద్దరి తలలూ నిమిరినాడు. ఆయన భార్య చక్కెర పెట్టింది. దారిలో ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక ఇంటి ముందు నిలిచి అవ్వ నీళ్ళడిగి తాగింది. "దాహమా అంతగా?" అన్నాను. "దాహం లేదు. ఇచ్చేది నాకు తెలుసు. అడిగేది ఎట్లుంటాదో చూస్తాండా" అన్నది. ఒక్కరూ లేదనలేదు. ప్రతి ఇంటికీ చెయ్యెత్తి దండం పెట్టింది. నేనెప్పుడూ ముందు నడిచేవాణ్ణి. కైవారం దారిలో నిలబడి ఆమె వచ్చేదాకా ఆగి, పక్కన నడిచినాను. ఊరివాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. నాకు బాగుండింది.

తిరుపతి ఎంత దూరం అని అడుగుతూ ఉంది. నీకు ఇంకెంత శ్రమ ఇస్తాం? శుక్రవారం బస్సుకు వస్తున్నాం. మా ఇద్దరికీ నువ్వు చేసినది చిన్న పని కాదు, నాయనా.

సుబ్బరాయప్ప


బాగేపల్లి,
18-12-1945

తాతా, అవ్వా,

నేను మీకు చేసినదేమీ లేదు. ఇన్నేండ్లు ఎవరెవరికో మీరు పోసినది, ఆ వచ్చినవాళ్ళే నాకు చెప్పి పోతున్నారు. నాకు అంత అంబలి కాచినట్టు గుర్తు లేదు, అంత పొగడ్త మాత్రం దొరుకుతూ ఉంది. దండం.

తిరుపతి దూరం సంగతి నేను చూసుకుంటాను. మీకు చెప్పకుండా ఒక పని చేసినాను. కోప్పడితే వచ్చినాక కోప్పడండి. ఈ కింద ఉన్నది రాసి మన తిన్నె గోడకు అంటించినాను. చదవడం రానివాళ్ళకు బయ్యప్ప వీధి వీధీ తిరిగి చదువుతున్నాడు. గుడిబండ సభకు వచ్చినవాళ్ళ కంటే ఎక్కువమంది విన్నారని వాడే ఒప్పుకున్నాడు.

'బాగేపల్లి జనులారా, ఈ రోడ్డున పోయే బండ్ల వాళ్ళారా!

సుబ్బరాయప్ప ఇంట మీలో నీళ్ళు తాగనివారు ఎవరు? ఆ తలుపు మూసుకోదు. లాగి చూసినవాణ్ణి చెబుతున్నాను. మూసుకోని తలుపును ఇద్దరే ముసలివాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు, బ్రతుకంతా కాచినారు. ఆ ఇద్దరూ కలిసి మొన్న మొదటిసారి ఊరు దాటినారు. వాళ్ళు తిరుపతి చూడాలి. ఇంకా చూడవలసినవి ఉన్నాయి. ఇకమీదట ఆ తలుపు దగ్గర మనం వంతులు వేసుకుని కూర్చుందాం. కులం అడగని ఇంటికి కాపలా కూర్చోవడానికీ కులం అడ్డు లేదు. అంబలి కాచడం రాకుంటే భయం లేదు, రెండుసార్లు చెడగొడితే మూడోసారి వస్తుంది.

వాళ్ళను దించుకుని, ఇంటి దాకా వెంట నడిచి, తిన్నె మీద కూర్చుని, వాళ్ళ ఎదుటనే వంతులు తేల్చుకుందాం. బొగ్గు బస్సు కాబట్టి మన ఊరి ముందరి ఎగువ దగ్గర నిలిస్తే ఎదురుపోయి తోద్దురు. నేను రాలేను, అప్పటికి తలుపు దగ్గర ఉండే వంతు నాది. మీరంతా రండి. శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలకు, బస్సు నిలిచే చోట.'